కనిపించిన చోట కోయకండి
(వేర్వేరు బండ్ల భాగాలతో ఒక్క పాత కారును నిలబెట్టడం ఎలా?)

వారమంతా హైటెక్ సిటీలో స్క్రీన్ ముందు కూర్చున్నారు. శనివారం పొద్దున్నే మియాపూర్ దగ్గర అద్దెకు తీసుకున్న షెడ్డు షట్టర్ ఎత్తారు. లోపల ఉన్నది మీరు ఏళ్ళుగా కోరుకున్న కారే, కాకపోతే ముక్కలుగా ఉంది. ఛాసీ ఒక ఊళ్ళో దొరికింది. బాడీ మరో ఊళ్ళో కొన్నారు. తలుపులు ఇంకెక్కడి నుంచో లారీలో వేయించుకొచ్చారు. అన్నీ ఒకే మోడల్‌వని అమ్మినవాళ్ళు చెప్పారు. తీరా బిగించి చూస్తే తలుపు పైభాగంలో కాగితం కూడా దూరదు, కింద మాత్రం వేలు దూరిపోతోంది. బానెట్ ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. నాలుగు బోల్టుల్లో మూడే పడుతున్నాయి.

టింకరింగ్ చేసే ఉస్తాద్ గ్రైండర్ అందుకుని అడుగుతాడు: "సార్, ఈ మూల కొంచెం కోసేద్దామా? పది నిమిషాల పని."

ఈ అధ్యాయం ఆ ఒక్క ప్రశ్న కోసమే. మీ జవాబు ఇలా ఉండాలి: "ఇప్పుడే వద్దు భాయ్. ముందు కొలుద్దాం."

ఎందుకంటే తలుపు దగ్గర కనిపించే తేడా చాలాసార్లు తలుపులో పుట్టదు. కుంగిన ఛాసీలోనో, చివికిన రబ్బరు ప్యాకింగ్‌లోనో, అరిగిన బందులోనో పుట్టి తలుపు దగ్గర బయటపడుతుంది. బయటపడిన చోట కోస్తే ఆ తేడా ఇంకో చోటికి జరుగుతుంది, అంతే. తలుపు సరిపోయాక బానెట్ సరిపోదు. బానెట్ సరిపెట్టాక డిక్కీ మూయదు. చివరికి మంచి రేకులన్నీ కోసి, అసలు లోపాన్ని మాత్రం భద్రంగా మిగుల్చుకుంటాం. కాబట్టి ఈ అధ్యాయం పొడుగునా ఒకటే సూత్రం: తేడాను కనిపించిన చోట కాదు, పుట్టిన చోట సరిచేయాలి.

భాగాలు కలవకపోతే భయపడాలా?

అక్కర్లేదు. ఒకప్పుడు కార్లు పుట్టిందే అలా. పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన 1912 నాటి రోల్స్ రాయిస్‌ను ఒకసారి నిదానంగా చూడండి. కారు తయారయ్యేలోపే, 1911లో, ఆయన కన్నుమూశారు. ఆ కారు ఛాసీ రోల్స్ రాయిస్‌ది. మీదున్న పసుపుపచ్చ బాడీ కట్టింది బార్కర్ అనే వేరే కంపెనీ. ఆ కాలంలో ఖరీదైన కార్లకు అదే పద్ధతి: ఛాసీ ఒకరి దగ్గర, బాడీ మరొకరి దగ్గర. అయినా కలిసిందంటే, బాడీ కట్టేవాళ్ళు ఛాసీని ఎదురుగా పెట్టుకుని, ప్రతి కొలతా దాని నుంచే తీసుకున్నారు కాబట్టి.

మీరు చేయాల్సిందీ అదే. ఒకదాన్ని ఆధారంగా నిలబెట్టి, మిగతావన్నీ దానికి ఒదిగేలా చేయాలి. అన్నిటినీ కొంచెం కొంచెం కోస్తూ పోతే ఆధారమే మిగలదు.

మొదటి పని: ఏ ముక్క పెద్దదో తేల్చండి

ఇంట్లో పెద్దరికం ఎవరిదో తెలియకపోతే ఏ నిర్ణయమూ తెగదు. ఇక్కడ పెద్దరికం ఛాసీ నంబరు ఉన్న భాగానిది. ఆర్‌సీలో ఉన్న నంబరు ఏ ఇనుము మీద కొట్టి ఉందో, ఆ ఇనుమే మీ కారు. దాన్ని కోయరు, మార్చరు, నంబరు ఉన్న చోట గ్రైండర్ ఆనించరు.

ఇందులో చట్టం సంగతీ ఉంది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాల కోసం 81ఏ మొదలుకొని కొత్త నిబంధనలు చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసీలో, బాడీ షెల్‌లో, ఇంజన్‌లో మార్పులు చేస్తే వింటేజ్ గుర్తింపుకు అడ్డం పడుతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, 10 ఏళ్ళు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకు 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకెళ్ళొచ్చు. రోజూ ఆఫీసుకు నడపడానికి వీల్లేదు.

అంటే గ్రైండర్ పట్టుకున్న ఆ పది నిమిషాల్లో మీరు కోసేది రేకును మాత్రమే కాదు, బండి గుర్తింపును కూడా కావచ్చు. అదే మోడల్‌కు చెందిన సరైన తలుపును తెచ్చి బిగించడం వేరు, తలుపు స్తంభం కోసి వేరే మోడల్ తలుపును పట్టించడం వేరు. ఏదైనా పెద్ద మార్పు తప్పదనిపిస్తే, కోతకు ముందే కాగితాలు పట్టుకుని ఆర్టీఏ ఆఫీసులో అడగండి.

తొమ్మిది మెట్లు

1. ప్రతి ముక్కకూ చీటీ కట్టండి.
ఆఫీసులో కోడ్ మార్చేముందు పాతదాన్ని దాచుకోకుండా ఒక్క వరుస కూడా ముట్టుకోరు కదా? ఇక్కడా అంతే. ఏ ముక్క ఏ బండిది, ఎక్కడ కొన్నారు, ఏ సంవత్సరం మోడల్, ఎడమా కుడా అన్నీ చీటీ మీద రాసి తీగతో కట్టండి. విప్పేటప్పుడు ప్రతి బోల్టునూ, దాని కింది ప్యాకింగ్‌నూ ఫొటో తీయండి. పాత ప్యాకింగ్ ముక్కలు పారేయకండి. ఒక చోట రెండు, ఇంకో చోట నాలుగు ఉన్నాయంటే ఫ్యాక్టరీలో అమర్చినవాళ్ళు ఆ బాడీకీ ఆ ఛాసీకీ ఉన్న తేడాను అలా సర్దారన్నమాట.

2. నేలను నమ్మకండి.
సెల్లార్లలో, షెడ్లలో నేలకు నీళ్ళు పోవడానికి వాలు ఇస్తారు. ఆ నేల నుంచి టేపు పెట్టి కొలిస్తే మంచి ఛాసీ కూడా వంకరగానే కనిపిస్తుంది. ఇల్లు కట్టే మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి గొట్టం కొనండి. నీటి మట్టం ఏ కంపెనీ పరికరానికీ తీసిపోదు. ఛాసీ నాలుగు మూలలూ ఆ మట్టానికి తెచ్చి, స్టాండ్ల కింద రేకు ముక్కలు పెట్టి నిలపండి. నాలుగో మూల మిగతా మూడింటితో మట్టానికి రానంటే ఛాసీ మెలికపడినట్టు.

3. బరువుతో కొలవండి.
స్టాండ్లు ఎక్కడ పడితే అక్కడ పెడితే ఛాసీ అక్కడికక్కడ వంగుతుంది. ఇరుసుల దగ్గర, అంటే బండి బరువు సహజంగా మోసే చోట పెట్టండి. ఇంజన్, గేర్‌బాక్స్ బిగించి కొలిస్తే మేలు. అవి బయట ఉంటే అంత బరువు ఇసుక బస్తాలు అదే చోట నిలకడగా పెట్టండి. ఖాళీ ఛాసీ మీద అందంగా కుదిరిన తలుపు, ఇంజన్ బిగించిన మర్నాడు ఎందుకు పట్టేస్తుందో ఇప్పుడు అర్థమైందా?

4. మూలకట్టు కొలత తీయండి.
ఛాసీ మీద ఎడమా కుడీ ఒకేలా ఉండే రంధ్రాలు ఎంచుకోండి. తూకం గుండును ఒక్కో రంధ్రం నుంచి కిందికి వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. ఎడమ ముందు గుర్తు నుంచి కుడి వెనక గుర్తుకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు కొలవండి. రెండూ సమానం కావాలి. 3 మిల్లీమీటర్ల లోపు తేడాతో పాత ఛాసీ బాగానే బతుకుతుంది. అంతకు మించితే ఛాసీ ఒక పక్కకు ఒరిగింది. ఒక పక్క ముందు చక్రం నుంచి వెనక చక్రం వరకు ఉన్న దూరాన్ని రెండో పక్కతో కూడా పోల్చండి. తేడా ఉంటే బాడీని పక్కన పెట్టేసి, ముందు ఛాసీ సరిచేయించండి. స్టీరింగ్, సస్పెన్షన్ బిగించే చోట్ల ఇనుము పని అనుభవమున్న ఛాసీ పనివాళ్ళదే. యూట్యూబ్ చూసి మీరు చేసే పని కాదది. దాని మీదే మీ ఇంట్లోవాళ్ళు కూర్చుంటారు.

5. దారపు చుట్టు చూడండి.
బోల్టు పడనప్పుడు "రంధ్రం తప్పింది" అంటాం. చాలాసార్లు తప్పింది బోల్టే. అమెరికన్ మూలమున్న జీపుకూ, యుద్ధం తర్వాతి చాలా బ్రిటిష్ కార్లకూ అంగుళం కొలతల బోల్టులు. ఫియట్, పద్మినిలకు మెట్రిక్. అంతకన్నా పాత బ్రిటిష్ బండ్లకు విట్‌వర్త్ కుటుంబం. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. ఎం8 అంటే 8. చేతికి రెండూ ఒకటే. కానీ సన్నచుట్టు 5/16 బోల్టుకు అంగుళానికి 24 చుట్లు, మామూలు ఎం8కు సుమారు 20. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. స్పానరుతో బలవంతం చేస్తే దారం తెగుతుంది. వందల రూపాయల్లో దొరికే థ్రెడ్ గేజ్ ఒకటి జేబులో పెట్టుకోండి.

6. బాడీని ఎత్తేముందు బంధించండి.
తలుపులు తీసేసిన బాడీ వదులైపోతుంది. ఎత్తితే తలుపు సందు ఆకారమే మారుతుంది. అందుకే ఎత్తకముందే ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి చదరపు పైపులు అడ్డంగా, మూలగా టాక్ కొట్టించండి. తలుపు తెరచి మూసేందుకు వీలుగా పైపులు లోపలి వైపు ఉండాలి. ఆ పైపులు చివరి వెల్డింగ్ చల్లారేదాకా కదలకూడదు.

7. అన్నీ వదులుగా, వెనక నుంచి ముందుకు.
ఈ మెట్టు మీద ఎంత సమయం పెడితే అంత లాభం. ఛాసీ మీద బాడీని అసలు మందమున్న ప్యాకింగ్‌లతో కూర్చోబెట్టి, బోల్టులన్నీ వేలితో తిప్పినంత మాత్రమే బిగించండి. వెనక రేకు కదలదు కాబట్టి అక్కడే మొదలు. వెనక తలుపును వెనక రేకుకు సరిచూడండి. ముందు తలుపును వెనక తలుపుకు, మడ్‌గార్డును ముందు తలుపుకు, అన్నిటికన్నా చివర బానెట్‌ను మడ్‌గార్డులకు. చాలామంది బానెట్‌తో మొదలుపెడతారు, అది అందరికీ కనిపిస్తుంది కాబట్టి. అలా చేస్తే తలుపు దగ్గరికి వచ్చేసరికి జరిపే వీలే ఉండదు.

8. సందు చెప్పేది వినండి.
ముందు తలుపు చివరను చేత్తో పైకి ఎత్తి చూడండి. ఆడుతోందా? బందు పిన్ను అరిగింది. అది మార్చకుండా ఇంకేదీ ముట్టుకోవద్దు. ఆట లేదనుకోండి, అప్పుడు సందు చూడండి. పైన ఇరుకు, కింద వెడల్పు ఉంటే బాడీ నడుము కుంగింది. నడుము దగ్గరి మౌంటు కింద ప్యాకింగ్ పెంచండి. పైన వెడల్పు, కింద ఇరుకు ఉంటే ముందు వెనక చివరలు కుంగాయి. అక్కడ పెంచండి. ఒకసారికి ఒక్క ప్యాకింగ్ మాత్రమే మార్చి, తలుపు మూసి, రాసుకోండి. టాపు లేని బండిలో ఈ మార్పు వెంటనే తెలుస్తుంది. ఇనుప టాపు ఉన్న బండిలో టాపు అడ్డుపడుతుంది కాబట్టి నిదానంగా తెలుస్తుంది. పాత టైరు కోసి ప్యాకింగ్ చేయకండి. నలిగి మందం మారిపోతుంది. లోపల గుడ్డ పొరలున్న కన్వేయర్ బెల్టు రబ్బరు నిలుస్తుంది.

9. ఇప్పుడు కోయండి, అవసరమైతేనే.
పై ఎనిమిదీ అయ్యాక కూడా తేడా మిగిలితే అది నిజంగా రేకుదే. కోత ఎప్పుడూ ఫ్యాక్టరీ అతుకు వెంబడే ఉండాలి, రేకు నడిమధ్య వద్దు. బాడీ రేకుకు 20 లేదా 18 గేజి సీఆర్ షీటు, అంటే 0.9 నుంచి 1.2 మిల్లీమీటర్లు సరిపోతుంది. పాత రేకు మందం చూసుకుని అదే తీసుకోండి. చిన్న చిన్న టాకులు, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. మధ్యలో చల్లారనివ్వండి. ఒక్క ఊపున వెల్డింగ్ లాగితే రేకు అలలు తేలుతుంది. సందు మరీ వెడల్పుగా ఉంటే తలుపు అంచు వెంట సన్నని ఇనుప కడ్డీ అతికించి, అరగదీసి ఆకారానికి తేవచ్చు. బోల్టు రంధ్రం కాస్త తప్పితే ఆకురాయితో కోలగా అరగదీసి మందపాటి వాషర్ వేయండి. బోల్టు మందంలో సగానికి మించి జరగాల్సి వస్తే పాత రంధ్రం వెల్డింగుతో పూడ్చి కొత్తది తొలవండి. గ్యాస్ మంటతో రంధ్రం పెద్దది చేయనివ్వకండి.

మూడు సందర్భాలు: మీరైతే ఏం చేస్తారు?

స్టాండర్డ్ హెరాల్డ్. మన ప్రాంతంలో ఈ పనికి ఇంతకన్నా మంచి బడి లేదు. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారుచేసింది. బాడీ మొత్తాన్ని ఒకేచోట చేయించుకునే వీలు లేక, ఇంగ్లండులోని అసలు కంపెనీ దాన్ని ముక్కలుగా డిజైన్ చేయించింది. విడి ఛాసీ, దాని మీద బోల్టులతో కలిసే ముందు భాగం, వెనక భాగం, మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకునే బానెట్. అందుకే భాగాలు మార్చడం సులువు. సందులు తప్పడమూ అంతే సులువు.

ఇప్పుడు మీ చేతిలో మొదట్లో వచ్చిన రెండు తలుపుల హెరాల్డ్ ఉందనుకోండి. నెల్లూరు వైపు నుంచి మరో బండి బాడీ తెచ్చారు. అది మన దేశంలో మాత్రమే తయారైన నాలుగు తలుపుల రకం. ముందు తలుపు పొడుగే వేరు. అది కోసి సరిపెట్టే తేడా కాదు, వెనక్కి ఇచ్చేసే తేడా. ఛాసీ వెనక సగం తర్వాతి గజెల్ మోడల్‌దైతే ఇంకా జాగ్రత్త. హెరాల్డ్‌కు వెనక చక్రాలు విడివిడిగా ఊగే ఇరుసు. 1970ల మొదట్లో వచ్చిన గజెల్‌కు గట్టి ఇరుసు. బయట రేకులు అక్కచెల్లెళ్ళలా ఉన్నా కింద బిగింపులు వేరు. సముద్ర తీరంలో తిరిగిన బండైతే ఛాసీ నుంచి పక్కలకు చాచుకునే చేతుల్లాంటి ఇనుప ముక్కలను సుత్తితో తట్టి చూడండి. బాడీ అంచులు కూర్చునేది వాటి మీదే. తుప్పు పట్టినవాటిని ఒక్కసారిగా అన్నీ కోసేయకండి. బాడీ పైన ఉండగానే ఒక్కొక్కటి మార్చండి. పక్కది కొలతను పట్టి ఉంచుతుంది.

జీపు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు, ఫోర్డు జీపు, తర్వాత మహీంద్రా కట్టిన ఎత్తు బానెట్ సీజే-3బీ, అన్నిటికీ చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే. ఆ ఒక్క కొలత చూసి ఎంతమంది మోసపోతారో! విల్లీస్ ఛాసీకి ముందు అడ్డకమ్మీ గుండ్రని గొట్టం, ఫోర్డుది బోర్లించిన యూ ఆకారం. 3బీ ఇంజన్ ఎత్తు కాబట్టి బానెట్‌తో పాటు గ్రిల్, బానెట్ వెనక అంచు ఆనే భాగం కూడా ఎత్తే. తక్కువ బానెట్‌ను దాని మీద కూర్చోబెట్టాలంటే మూడింటినీ మార్చాలి. మీరు కొన్నది ఏదో అడ్డకమ్మీ చూసి తేల్చుకోండి, ఆ తర్వాతే బాడీ వెతకండి.

ఫియట్. ముంబైలో తయారైన తొలి ఫియట్ మిలిచెంటో ముందు తలుపులు నడిమి స్తంభానికి వేలాడి, వెనక్కి తెరుచుకుంటాయి. పద్మిని తలుపుల బందులు ముందు స్తంభానికి ఉంటాయి. రేకు వంపు చూసి "సరిపోతుంది అన్నా" అనేవాళ్ళు ఉంటారు. రెండు స్తంభాలూ కోయకుండా సరిపోదు. పైగా ఈ కార్లకు విడి ఛాసీ లేదు, బాడీయే ఛాసీ. తలుపు కింది పెట్టె కమ్మీ కోశారంటే వెన్నెముక మీద చేయి వేసినట్టే. ఇలాంటి చోట మీ పట్టుదల చూపించాల్సింది సరైన తలుపు వెతకడంలో.

ఎక్కువమంది చేసే తప్పులు

1. ముందు రంగు, తర్వాత బిగింపు. మొత్తం బండిని ఒకసారి పూర్తిగా బిగించి, తలుపులు తెరచి మూసి, మళ్ళీ విప్పి అప్పుడు రంగు వేయించండి. రెండుసార్ల శ్రమ అనిపిస్తుంది. ఒక్కసారే చేసినవాళ్ళు రంగు రాలిన తలుపు అంచుల్ని మళ్ళీ గీకుతూ మూడోసారి కూడా చేస్తారు.

2. లప్పంతో సందు మూయడం. లప్పం ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎగుడుదిగుడును సాపు చేయడానికి. దానితో అంచు కట్టిస్తే తలుపు నాలుగుసార్లు వేసేసరికి పెచ్చు ఊడుతుంది, లోపల తుప్పు మొదలవుతుంది.

3. కొత్త కార్ల సందుతో పోల్చడం. రోబోలు బిగించిన కారులోని సందును 1960ల నాటి బండిలో ఆశించకండి. 4, 5 మిల్లీమీటర్లు ఉండి, పై నుంచి కింది వరకు సమానంగా సాగితే అది మంచి పని. ఎడమా కుడీ ఒకేలా ఉందా అన్నదే కంటికి ముఖ్యం.

4. ఎడమది ఒకరి దగ్గర, కుడిది మరొకరి దగ్గర కొనడం. వీలైనంతవరకు రెండు తలుపులూ ఒకే బండివి తీసుకోండి. ఎన్నో ఏళ్ళు తయారైన అంబాసిడర్ లాంటి బండిలో మార్క్ మారినకొద్దీ గ్రిల్, ముందు రేకులు మారుతూ వచ్చాయి. "అంబాసిడర్‌దే సార్" అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఏ మార్క్‌దో అడగండి.

5. సెల్లార్‌లో వెల్డింగ్. పైన వంద కుటుంబాలు ఉంటాయి, పక్కన వంద బండ్లలో పెట్రోలు ఉంటుంది. అక్కడ కొలతలు తీయొచ్చు, బోల్టులు విప్పొచ్చు. నిప్పు పని షెడ్డులోనే, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టి, బ్యాటరీ వైరు తీసేసి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచుకుని చేయించండి. జస్తా పూత ఉన్న రేకు వెల్డింగ్ పొగ పీల్చకండి.

6. వానాకాలంలో రేకును ఉత్తగా వదలడం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గీకిన రేకు మీద రాత్రికి రాత్రే తుప్పు పొర వస్తుంది. గీకిన రోజే ప్రైమర్ వేయించండి. పెద్ద రేకు పని దసరా తర్వాతకి పెట్టుకోవడం ఇంకా మంచిది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ఒక్కరే అన్నీ చేయలేరు. బుష్షులు, బందు పిన్నులు తిప్పించడానికి బాలానగర్ లేత్ వర్క్‌షాపులు ఉన్నాయి. అంగుళం కొలతల బోల్టులు, రబ్బరు సామాను రాణిగంజ్‌లో వెతకండి. రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌లో నమూనాలు తయారుచేసే యంత్రాలున్నాయి. కొలిచి గీసిన బొమ్మ మీ చేతిలో ఉంటే, దొరకని చిన్న బ్రాకెట్ గురించి అక్కడ అడగొచ్చు. మీ ఆఫీసుకు దగ్గర్లోనే ఇలాంటి చోటు ఉండటం మీ అదృష్టం. పెద్ద బాడీ పనికి విజయవాడ ఆటోనగర్, హెరాల్డ్ భాగాలకు చెన్నై పుదుపేట, అంబాసిడర్‌కు కోల్‌కతా మల్లిక్ బజార్ తిరగండి.

ఎక్కడికి వెళ్ళినా మూడు జేబులో ఉండాలి: టేపు, థ్రెడ్ గేజ్, అట్టముక్క మీద గీసి కత్తిరించిన మీ తలుపు అంచు ఆకారం. ఆ అట్టను కొట్టులోని రేకు మీద ఆనించి చూడండి. వంపు కలిస్తేనే బేరం మొదలుపెట్టండి. కొట్టువాడు తొందరపెడితే "ఇంకో రోజు వస్తానన్నా" అని వచ్చేయండి.

ఉస్తాద్‌తో ఎలా మాట్లాడాలి? ఆయన చేతిలో దశాబ్దాల పనితనం ఉంది, మీ చేతిలో కొలతల పుస్తకం ఉంది. "మీకు తెలియదు" అనే స్వరం వద్దు. "భాయ్, ఎడమ మూల 8 మిల్లీమీటర్లు కింద ఉంది, మీరేమంటారు?" అని అడగండి. సంఖ్య వినగానే ఆయన కూడా వంగి ఛాసీ కింద చూస్తాడు. కూలి కోత లెక్కన కాకుండా రోజు లెక్కన మాట్లాడుకోండి. కొలవడానికి పట్టిన రోజుకు కూడా డబ్బు ఇస్తేనే ఆయనకు తొందర తగ్గుతుంది.

ఆగాల్సిన చోటు

ఓపికకూ మొండితనానికీ తేడా ఉంది. ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ముక్క పట్టడానికి నంబరున్న ఇనుమును ముట్టుకోవాలా? స్టీరింగ్, బ్రేకు, సస్పెన్షన్ బిగింపు మారాలా? తలుపు స్తంభం జరగాలా? మూడింట్లో ఒక్కదానికి "అవును" వచ్చినా ఆ ముక్క మీది కాదు. అమ్మేయండి, లేదా అవసరమున్న ఇంకో కారు ప్రేమికుడికి ఇచ్చి మీకు కావలసింది తీసుకోండి. కోయని ముక్కకు ఎప్పుడూ విలువ ఉంటుంది. కోసిన ముక్క తుక్కు కిందే పోతుంది.

క్వార్టర్ చివరికల్లా పూర్తి కావాలని ఈ పనికి గడువు పెట్టుకోకండి. గడువు దగ్గరపడే కొద్దీ చేయి గ్రైండర్ వైపు పోతుంది. దాని బదులు ఒక్కో శనివారానికి ఒక్క కొలత, ఒక్క మౌంటు, ఒక్క తలుపు అని పెట్టుకోండి. నిదానంగా సాగినా వెనక్కి తిరిగే అవసరం రాదు.

ఈ శనివారం చేయాల్సింది

1. షెడ్డులోని ప్రతి భాగానికి చీటీ కట్టండి.
2. నీటి గొట్టంతో ఛాసీని మట్టానికి తెచ్చి, రెండు మూలకట్టు కొలతలూ తీసి గోడ మీద తేదీతో రాయండి.
3. తలుపులన్నీ ఒక్కొక్కటిగా ఎత్తి చూసి, బందుల్లో ఆట ఉన్నవాటి పేర్లు రాసుకోండి.
4. ఛాసీ నంబరు ఫొటో తీసి, ఆర్‌సీతో ఒక్కో అంకె సరిచూసుకోండి.

ఈ నాలుగూ ఒక పూటలో అయిపోతాయి. ఒక్క పైసా రేకు ఖర్చు లేదు, ఒక్క నిప్పురవ్వ లేదు. కానీ సాయంత్రానికి తేడా ఎక్కడ పుట్టిందో మీకు చాలావరకు తెలుస్తుంది. వచ్చే శనివారం ఉస్తాద్ గ్రైండర్ అందుకుంటే ఆయనకు ఆ గోడ మీది అంకెలు చూపించండి. పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.